గాజు మేడలో కోహినూరు

లండన్‌లోని హైడ్ పార్కులో 1851 మే 1న విక్టోరియా రాణి ప్రారంభించిన మహా ప్రదర్శనతోనే ప్రపంచ ప్రదర్శనల చరిత్ర మొదలవుతుంది. రాణి భర్త ఆల్బర్ట్ దానికి పెద్ద దిక్కు. ఇనుప చట్రాలు, సుమారు 3 లక్షల గాజు పలకలతో జోసెఫ్ పాక్స్‌టన్ రూపొందించిన క్రిస్టల్ ప్యాలెస్ పొడవు అర కిలోమీటరు దాటింది. ఒకే కొలతతో ఫ్యాక్టరీల్లో తయారైన భాగాలను పార్కుకు తెచ్చి బిగించుకుంటూ పోయారు. అందుకే ఏడాది తిరక్కుండానే పని ముగిసింది. ఇవాళ హైదరాబాద్ శివారు కోకాపేటలో లేస్తున్న అద్దాల టవర్ల నిర్మాణ పద్ధతికి మూలాలు వెతికితే ఆ మేడ దగ్గరికీ వెళ్లాల్సి వస్తుంది.

ఆ ప్రదర్శనలో జనం ఎగబడి చూసిన వస్తువు మాత్రం తెలుగు నేలదని పేరున్న కోహినూరు వజ్రం. కోకాపేటకు తూర్పున ఏడెనిమిది కిలోమీటర్లలో ఉన్న గోల్కొండ కోట ఒకప్పుడు వజ్రాల వ్యాపారానికి కేంద్రం. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనుల్లోనే కోహినూరు దొరికిందని చాలాకాలంగా చెబుతున్నారు. 17వ శతాబ్దంలో ఆ గనులు చూసిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, అక్కడ 60 వేల మంది దాకా పనిచేసేవారని రాశాడు. ఇప్పుడా చోటు పులిచింతల జలాశయంలో మునిగింది.

1849లో పంజాబును కలుపుకున్న ఈస్టిండియా కంపెనీ, అక్కడి పదేళ్ల రాజు దులీప్ సింగ్‌తో సంతకం చేయించుకుని, ఆయన ఖజానాలోని కోహినూరును రాణి పరం చేసింది. రెండేళ్లకు దాన్ని పూతబంగారు ఊచల పంజరంలో ఉంచి చూపించారు. గంటల తరబడి వరుసలో నిలబడిన జనానికి నిరాశే మిగిలింది. గ్యాస్ దీపాలు పెట్టినా వజ్రం మెరవలేదు. లోపం రాయిలో లేదు. మొఘల్ కాలపు సానలో రాయి బరువు పోకుండా చూసుకునేవారు. లోపలికి వెళ్లిన వెలుగంతా తిరిగి కంటికి తగిలేలా ముఖాలు తీర్చడం యూరప్ పద్ధతి. 1852లో ఆమ్‌స్టర్‌డామ్ పనివాళ్లను రప్పించి, ఆవిరి యంత్రంతో తిరిగే సానపై దాన్ని మళ్లీ చెక్కించారు. 186 క్యారట్ల రాయి దాదాపు 106కు తగ్గింది. శతాబ్దాల చరిత్ర ఉన్న ఆ రూపం లండన్ అభిరుచి కోసం పొడిగా రాలిపోవడం ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

ప్రదర్శన నడిచిన అయిదున్నర నెలల్లో 60 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. షిల్లింగు టికెట్టు పెట్టిన రోజుల్లో కూలీలూ కుటుంబాలతో రైళ్లెక్కి వచ్చారు. వచ్చిన లాభంతో సౌత్ కెన్సింగ్టన్‌లో స్థలం కొన్నారు. నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అక్కడే ఉంది.

ఆ 1851 ప్రదర్శనలోని భారత విభాగంలో వరంగల్ తివాచీలూ ఉన్నాయి. ఫ్యాక్టరీ సరుకులోని అడ్డగోలు అలంకరణతో విసిగిన ఓవెన్ జోన్స్ వంటి డిజైనర్లు, భారతీయ నేతలో రంగుల పొందికను చూసి నేర్చుకోవాలని గట్టిగా చెప్పారు. ఆ మెప్పు నేతగాళ్ల కడుపు నింపలేదు. బయట గిరాకీ పెరిగేకొద్దీ చౌక సరుకు కావాలన్న ఒత్తిడి పెరిగింది, జైళ్లలో ఖైదీలతో నేయించిన తివాచీలు పోటీకి వచ్చాయి, రసాయన రంగులు పాత అద్దకాలను పక్కకు నెట్టాయి. అయినా వరంగల్‌లో మగ్గం ఆగలేదు. అక్కడి కొత్తవాడ నేతగాళ్ల చేతుల్లో నిలిచిన వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.