ఆలోచనతో ఎదిగే విశ్వాసం

క్రైస్తవ జీవితంలో ఆత్మీయ ఎదుగుదల మనసులో మొదలై నడతలో బయటపడుతుంది. ఆజ్ఞలన్నిటిలో ముఖ్యమైనది ఏదని అడిగినవారికి యేసు ఇచ్చిన జవాబు మత్తయి సువార్త 22వ అధ్యాయంలో ఉంది. దేవుణ్ణి ప్రేమించడంలో హృదయం, ఆత్మతో పాటు మనసుకూ పూర్తి భాగం ఉందని ఆయన చెప్పాడు. రోమా సంఘానికి రాసిన పత్రిక 12వ అధ్యాయంలో పౌలు ఇదే సంగతిని మరింత విడమరిచాడు. లోకం పోకడను బట్టి నడవకుండా, మనసు కొత్తదైతే మనిషి మారతాడని, దేవుని చిత్తమేదో అప్పుడే తేల్చుకోగలడని ఆయన బోధ. ఆదివారం మందిరంలో కన్నీళ్లతో పాడినవాడు సోమవారం పొరుగువాడి గట్టు దున్నేస్తే, అతని భక్తి ఇంకా ఆలోచనదాకా చేరలేదన్నమాట.

ఈ ఎదుగుదలలో మనసు చేయాల్సిన మొదటి పని పరిశీలన. అపొస్తలుల కార్యముల గ్రంథం 17వ అధ్యాయంలో బెరయ పట్టణస్థుల ప్రస్తావన ఉంది. పౌలు అంతటివాడు చెప్పినా వాళ్లు విని ఊరుకోలేదు. ఆ మాటలు నిజమో కాదో రోజూ లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. ఆ గ్రంథం దాన్ని అవిశ్వాసమని తప్పుపట్టలేదు, గొప్ప గుణమని మెచ్చుకుంది. ప్రశ్న అడగడం విశ్వాసానికి ద్రోహం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఉత్తరాంధ్రలో దీనికి గొప్ప ఉదాహరణ పురుషోత్తమ చౌదరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. శాస్త్రాలు, కావ్యాలు చదువుకున్న ఆయన్ని క్రైస్తవం వైపు తిప్పింది చేతికందిన ఒక కరపత్రం. దాన్ని చదివి పక్కన పడేయకుండా తర్కించుకున్నారు, మిషనరీల దగ్గర నేర్చుకున్నారు, చివరికి 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత కూడా ఆయన కలం ఆగలేదు. ‘కులాచార పరీక్ష’ అనే రచనలో కులాన్ని విచారణకు పెట్టారు. 1890లో కన్నుమూసేనాటికి తెలుగు సంఘాలకు వందకు పైగా కీర్తనలు ఇచ్చారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో నేటికీ ఆయన పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

మనసు చేసే రెండో పని గుర్తుంచుకోవడం. చౌదరి కీర్తనల బలం ఇక్కడే తెలుస్తుంది. ఆయన కొత్త విశ్వాసానికి పరాయి బాణీలు వెతకలేదు, జనానికి అలవాటైన రాగతాళాలే తీసుకున్నారు. కీర్తనలో పల్లవి అసలు సంగతిని చెబుతుంది. ఒక్కో చరణం దానికి ఒక్కో కారణాన్ని చేరుస్తుంది. చరణం ముగిసిన ప్రతిసారీ పాడేవాళ్లు పల్లవికి తిరిగి వస్తారు. అలా నాలుగైదు చరణాలు పూర్తయ్యేసరికి ఒక బోధ మొత్తం నోటికి వచ్చేస్తుంది. అక్షరం ముక్క రాని అవ్వకు కూడా పాప క్షమాపణ, కృప, సిలువ వంటి విషయాలు వరసగా, తప్పులేకుండా మనసులో నిలిచాయంటే అందుకు ఈ కూర్పే కారణం. తాళం వేస్తూ పాడిన పాట పనిలో ఉన్నప్పుడూ, మంచం పట్టినప్పుడూ తోడుంటుంది.

మూడోది ధ్యానం. మొదటి కీర్తన ధన్యుడిగా చెప్పిన మనిషి దేవుని ధర్మశాస్త్రాన్ని రాత్రింబగళ్లు తలచుకునేవాడు. 12వ శతాబ్దంలో గీగో అనే సన్యాసి ఈ సాధనను నాలుగు మెట్లుగా చెప్పాడు: వాక్యం చదవడం, దాన్ని నెమరువేయడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో మౌనంగా నిలవడం. మొదటి రెండూ మనసు పనులే. వాటిని దాటవేసి నేరుగా ప్రార్థనకు వెళ్లేవారి ప్రార్థన చాలాసార్లు కోరికల చిట్టాగానే మిగిలిపోతుంది.

నాలుగోది, కష్టకాలంలో ఆలోచనను దారిలో పెట్టుకోవడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. అంతకుముందు నుంచే కిడ్నీ జబ్బు అక్కడి ఊళ్లను పీడిస్తోంది. ఇలాంటప్పుడు మనసు ముందుగా అడిగే ప్రశ్న, ఇది ఎవరి పాపఫలమని. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసిన శిష్యులూ అదే అడిగారు. అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదని యేసు ఆ ప్రశ్ననే పక్కకు నెట్టి, అతనికి చూపునిచ్చాడు. నింద వెతకడం మాని చేయాల్సిన పని చూడమన్నది ఆ అధ్యాయం నేర్పే ఆలోచన.

ఆ ఆలోచనను ఆచరణలో పెట్టిన మనిషి ఉద్దానంలోనే ఉన్న సోంపేటలో పనిచేశారు. ఆయన కెనడా బాప్టిస్టు మిషన్ వైద్యుడు డాక్టర్ బెన్ గల్లిసన్. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో ఆయన పేదలకు కంటి ఆపరేషన్లు చేశారు. ఆయన మాటలు విని కదిలిన కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ చొరవతో 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పుట్టింది. ఇక్కడ ప్రార్థనకూ శస్త్రచికిత్సకూ పోటీ లేదు. కిడ్నీ బాధితుల విషయంలోనూ అంతే. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం, డయాలసిస్‌కు వెళ్లడం విశ్వాసం తక్కువై చేసే పనులు కావు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రోగికి ధైర్యం చెప్పి, ప్రార్థించి, ఆసుపత్రి దాకా తోడు వెళ్లే సంఘమే ఆలోచన ఉన్న సంఘం.

మనసుకు హద్దు కూడా ఉంది. ప్రేమ లేని జ్ఞానం మనిషిని పొంగజేస్తుందే తప్ప కట్టదని పౌలు కొరింథు సంఘాన్ని హెచ్చరించాడు. విని చేయనివాడు తన్ను తానే మోసగించుకుంటాడని యాకోబు పత్రిక చెబుతుంది. వచనాలు వల్లెవేసి ఎదుటివారిని చిన్నబుచ్చేవాడికి చదువు పెరిగి ఉండవచ్చు, ఎదుగుదల మాత్రం లేదు. మనసును కొత్తది చేసేది దేవుని ఆత్మ అని, మనిషి వంతు ఆ మనసును తెరిచి ఉంచడమని క్రైస్తవ సంప్రదాయం నమ్ముతుంది.

అందుకే సంఘాల్లో పాటకూ ప్రార్థనకూ ఇచ్చే సమయంలో కొంత ప్రశ్నలకూ ఇవ్వాలి. యువకులు సందేహం అడిగితే కసురుకోకుండా కూర్చోబెట్టి వాక్యం తెరవాలి. ఒక కరపత్రాన్ని తర్కించి చదివిన మనిషి వల్ల తెలుగు క్రైస్తవులకు అన్ని కీర్తనలు దక్కాయి. నేడు అడిగే పిల్లల నోరు మూయించకపోతే రేపటి సంఘానికి అలాంటివారు మళ్లీ దొరుకుతారు.