రేడియేటర్ ఫ్యాన్‌కు ‘డైరెక్ట్’ కనెక్షన్: ఎందుకు ప్రమాదం? సరైన పద్ధతి ఏది?

మే నెల మధ్యాహ్నం. ట్రాఫిక్‌లో చిక్కుకున్న కారులో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు జరుగుతుంది. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. దగ్గర్లోని మెకానిక్ బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి ఫ్యాన్‌కు కలిపి, “డైరెక్ట్ ఇచ్చేశాను, ఇక ఫర్వాలేదు” అంటాడు. ఫ్యాన్ తిరుగుతుంది, ఇంజిన్ చల్లబడుతుంది. ఆ పూటకు గండం గడిచినట్టే. కానీ ఆ వైరును అలాగే వదిలేస్తే, ఇంజిన్‌ను చల్లబరచాల్సిన ఏర్పాటే కారుకు నిప్పు పెట్టవచ్చు.

విద్యుత్ ఫ్యాన్ ఎందుకు వచ్చింది?

అంబాసిడర్ వంటి పాత కార్లలో ఫ్యాన్‌ను ఇంజినే బెల్టు ద్వారా తిప్పేది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదించేది. అందుకే ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఎదురుగాలి కూడా లేని సమయంలో, ఇంజిన్ త్వరగా వేడెక్కేది. 1983 చివర్లో రోడ్డెక్కిన మారుతి 800లో ఇంజిన్‌ను అడ్డంగా అమర్చారు. ఇలా అమర్చిన ఇంజిన్‌కు బెల్టు ఫ్యాన్ పెడితే అది రేడియేటర్‌కు ఎదురుగా రాదు. అందుకే ఇలాంటి కార్లకు మోటారుతో తిరిగే ఫ్యాన్ తప్పనిసరైంది. ఇది ఇంజిన్ వేగంతో సంబంధం లేకుండా, అవసరమైనప్పుడే తిరుగుతుంది.

15 ఆంపియర్లు అంటే తక్కువేమీ కాదు

‘12 ఓల్టులే కదా, షాక్ కొట్టదు’ అనే ధీమా చాలామందిలో ఉంటుంది. షాక్ కొట్టకపోవచ్చు, కానీ మంట పుట్టించేది కరెంటు. 180 వాట్ల ఫ్యాన్ 12 ఓల్టుల దగ్గర 15 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో 230 ఓల్టులపై అంత కరెంటు లాగాలంటే 3 వేల వాట్లకు పైబడిన పెద్ద గీజరు కావాలి.

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. 1 చదరపు మిల్లీమీటరు మందం గల రాగి వైరు 4 మీటర్లు వాడితే దాని నిరోధం సుమారు 0.07 ఓమ్‌లు. 15 ఆంపియర్ల దగ్గర అందులో 1 ఓల్టుకు పైగా నష్టపోవడమే కాక, దాదాపు 16 వాట్ల వేడి పుడుతుంది. అదే పొడవుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే ఈ రెండూ నాలుగో వంతుకు తగ్గుతాయి. రెంటచింతల, రామగుండం ఎండల్లో బానెట్ కింద ముందే వేడిగా ఉంటుంది కనుక, వైరు కాస్త మందంగానే ఉండాలి.

ఫ్యూజు కాపాడేది వైరును

ఫ్యూజు ఫ్యాన్‌ను కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని మొదటి పని వైరును కాపాడటం. వైరు పైతొడుగు ఇంజిన్ అదురుకు రేకు అంచున ఒరుసుకుని చిరిగితే, రాగి నేరుగా బాడీకి తగులుతుంది. స్టార్టర్‌కు 100 ఆంపియర్లకు పైగా ఇవ్వగల బ్యాటరీ, అంత కరెంటునూ ఆ వైరులోకి తోస్తుంది. క్షణాల్లో తొడుగు కరిగి మంటలు లేస్తాయి.

అందుకే రెండు నియమాలు. ఫ్యూజు రేటింగు ఫ్యాన్ కరెంటు కంటే ఎక్కువగా, వైరు మోయగల కరెంటు కంటే తక్కువగా ఉండాలి. 15 ఆంపియర్ల ఫ్యాన్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపియర్ల పసుపు రంగు ఫ్యూజు సరిపోతాయి. రెండోది, ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరుకు ఏ రక్షణా ఉండదు.

మోటారు మొదలయ్యే క్షణంలో కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఫ్యూజు తీగ కరగడానికి కొంత సమయం పడుతుంది కనుక ఆ కుదుపును తట్టుకుంటుంది. రెక్కల్లో ఏదైనా ఇరుక్కుని మోటారు తిరగకపోతే మాత్రం ఆ పెద్ద కరెంటు ఆగదు. అప్పుడు ఫ్యూజు తెగాలి. తెగిన ఫ్యూజు స్థానంలో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగ ముక్కో పెట్టడమంటే, ఇక వైరే ఫ్యూజుగా మారడం.

రిలే ఎందుకు?

డాష్‌బోర్డు స్విచ్చుల్లో చాలావాటి కొసలు 15 ఆంపియర్లను తట్టుకోలేవు. రిలేలోని చిన్న విద్యుదయస్కాంతం సుమారు 0.2 ఆంపియర్లతో పనిచేసి, పెద్ద కరెంటు దారిని తెరుస్తుంది, మూస్తుంది. దాని కాళ్లపై అంకెలు ఉంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు 30కి, ఫ్యాన్‌కు వెళ్లేది 87కి కలపాలి. 86కు తాళం తిప్పితే వచ్చే సప్లై ఇచ్చి, 85ను థర్మో స్విచ్ ద్వారా బాడీకి కలపాలి. కూలెంట్ నిర్ణీత ఉష్ణోగ్రతకు, చాలా కార్లలో సుమారు 95 డిగ్రీల సెల్సియస్‌కు, చేరగానే థర్మో స్విచ్ కలుస్తుంది. కొన్ని డిగ్రీలు తగ్గాక విడిపోతుంది. డైరెక్ట్ కనెక్షన్‌లో ఈ అదుపు ఉండదు. ఆపడం మరిచిపోతే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ రెండు మూడు గంటల్లో ఖాళీ అవుతుంది.

రిలే ఆగే క్షణంలో దాని కాయిల్‌లో ఎదురు ఓల్టేజీ ఎగసిపడుతుంది. దాన్ని అణచే డయోడు ఉన్న రిలేలలో 85, 86లను తారుమారు చేయకూడదు.

అతుకుల దగ్గరే అసలు వేడి

వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులో, రంగు గీకకుండా బిగించిన ఎర్తులో నిరోధం 0.1 ఓమ్ ఉన్నా చాలు, 15 ఆంపియర్లకు 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఇది చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో సమానం. అందుకే అతుకులకు క్రింప్ టెర్మినళ్లు వాడాలి. ఎర్తు వైరును రంగు, తుప్పు లేని లోహంపై బోల్టుతో బిగించాలి. వైరు రేకును దాటే చోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి. పొగ గొట్టానికి, తిరిగే భాగాలకు దూరంగా క్లిప్పులు వేయాలి.

పని మొదలుపెట్టే ముందు

ఇంజిన్ చల్లారాకే బ్యాటరీ నెగెటివ్ వైరును ముందుగా విప్పాలి. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది కనుక రెక్కల దగ్గర చేయి పెట్టరాదు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయరాదు. పని పూర్తయ్యాక గాలి ఏ వైపు పోతుందో చూడాలి. రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ సరిగా తిరిగితే, ముందు పెట్టిన కాగితం ముక్క రేడియేటర్‌కు అతుక్కుంటుంది. వైర్లు తారుమారైతే చాలా మోటార్లు వెనక్కి తిరిగి, ఎదురుగాలిని అడ్డుకుంటాయి. ఫ్యాన్‌ను ఈసీయూ నడిపే కొత్త కార్లలో ఇలాంటి మార్పులు చేయకుండా కంపెనీ వైరింగ్ చిత్రం ప్రకారమే మరమ్మతు చేయించాలి.

దారిలో తప్పనిసరై డైరెక్ట్ కనెక్షన్ ఇచ్చినా, వైరుకు ఫ్యూజు పెట్టించాలి. ఇల్లు చేరగానే బ్యాటరీ దగ్గర దాన్ని విప్పి, మర్నాడే అసలు లోపాన్ని వెతికించాలి. ఫ్యూజు, రిలే, మందమైన వైరు ఖర్చు ఇంజిన్ మరమ్మతుతో పోలిస్తే చాలా స్వల్పం.