మడిలో మనుషులు: ఆయిల్ కలర్స్‌తో ఒక ప్రయత్నం

కోరుట్ల నుంచి జగిత్యాల వచ్చే బస్సులో కిటికీ సీటు దొరికితే, నాట్లప్పుడు ఒక సీన్ తప్పకుండా కనిపిస్తుంది. నీళ్లు నిండిన మడి, దాంట్లో ఆకాశం, మధ్యలో వరుసగా వంగిన ఆడవాళ్లు. బస్సు దాటిపోయాక ఒక్క ముఖం కూడా గుర్తుండదు. చీరల రంగులు, వంగిన నడుములు మాత్రం గుర్తుంటాయి. ఇంప్రెషనిజం అంటే దాదాపు ఇదే.

1874లో మోనే, రెన్వా, పిస్సారో లాంటి వాళ్లు పారిస్‌లో సొంతంగా ఎగ్జిబిషన్ పెట్టుకున్నారు. మోనే వీధి బొమ్మలో జనం నల్లటి మరకల్లా ఉన్నారని లూయీ లెరువా అనే విమర్శకుడు ఎగతాళి చేశాడు. కానీ దూరం నుంచి మనుషులు అట్లనే కనిపిస్తారు కదా!

రంగుల సంగతి సిరిసిల్ల వాళ్లకు ఈజీగా అర్థమవుతుంది. పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో షెవ్రల్ అనే కెమిస్ట్ అద్దకం విభాగాన్ని చూసేవాడు. నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదులు వస్తే, తప్పు అద్దకంలో లేదని, పక్కనున్న నూలు రంగు వల్ల అట్లా కనిపిస్తోందని తేల్చాడు. 1839లో దాని మీద పుస్తకం రాశాడు. పచ్చటి నారు పక్కన ఎర్ర చీర ఇంకా ఎర్రగా కనిపించేది అందుకే.

ఇక పని మొదలుపెడదాం. కాన్వాస్ బోర్డు, రెండు మూడు బ్రష్‌లు, తెలుపు, పసుపు, ఎరుపు, అల్ట్రామెరిన్ బ్లూ చాలు. నలుపు కొనొద్దు. నీడల్లో బ్లూ, ఎరుపు కలిపి వాడితే నీడలో కూడా వెలుతురు ఉంటుంది. ముందు పెద్ద ముక్కలు వేయాలి: ఆకాశం, చెట్ల వరుస, మడి. ఈ మొదటి పొరలో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో అవిసె నూనె ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పైది ముందు ఆరి, తర్వాత పగుళ్లు వస్తాయి. కిటికీలు తెరిచి పెట్టండి. నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేయొద్దు, వాటంతట అవే అంటుకోవచ్చు. నీళ్లలో ముంచండి.

పొద్దున వెలుతురు గంటలో మారిపోతుంది. మోనే 1890-91లో గోధుమ కుప్పలను గీసినప్పుడు, వెలుతురు మారగానే ఇంకో కాన్వాస్ తీసుకునేవాడు. మనకు అన్ని కాన్వాస్‌లు ఉండవు కాబట్టి ఫాస్ట్‌గా వేయాలి.

మనుషుల దగ్గర ఒక చిన్న లాజిక్ ఉంది. సమతలం నేల మీద మీరు నిలబడి చూస్తే, మీ ఎత్తు ఉన్నవాళ్ల తలలు దగ్గరున్నా దూరమున్నా హొరైజన్ లైన్ దగ్గరే ఉంటాయి. పాదాలు మాత్రమే పైకీ కిందికీ మారతాయి. వంగినవాళ్లు ఆ లైన్ కింద ఉంటారు. ఒక్కొక్కరికి మూడు నాలుగు స్ట్రోక్‌లు చాలు: చీర, వీపు మీద ఎండ, నీళ్లలో నీడ.

నా మొదటి బొమ్మలో ఈ రూల్ పాటించలేదు. అందరికీ కళ్లు, ముక్కు గీశాను. స్టిక్కర్లు అంటించినట్టు వచ్చింది. రెండోసారి ముఖాలు వదిలేసి, మా నానమ్మ నాటేసేటప్పుడు నిలబడే తీరు గుర్తు తెచ్చుకుని వేశాను. ఆమె ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి వంగుతుంది.

బొమ్మ చూపిస్తే నానమ్మ చాలాసేపు చూసింది. "గీమె నేనే కదా బిడ్డా" అని సరిగ్గా ఆ నాలుగు స్ట్రోక్‌ల మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా, "నా నడుము గింత వంగిందా?" అన్నది.

బొమ్మ బాగొచ్చిందని నాకు తెలిసింది అప్పుడే. కానీ ఆ ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేకపోయాను.