సరుగుడు నారు మీరే పోసుకోండి: బద్వేలు ప్రాంత రైతులకు సూచనలు

ఏడాది పొడవునా పచ్చగా ఉండే సూది ఆకుల చెట్లు అనగానే పైన్, దేవదారు గుర్తొస్తాయి. మన రాష్ట్రంలో పైన్ తోపులు అరకు వైపు చల్లని కొండల మీద ఉన్నాయి. బద్వేలు ఎండలకు వాటి మొక్కలు నిలవడం కష్టం. ఆ విత్తనం కోసం డబ్బు పెట్టవద్దు. అదే పోలికతో మన చేలల్లో పెరిగేది సరుగుడు. దీన్నే సర్వి అని కూడా అంటారు. ఇది పైన్ జాతి కాదు, పూలు పూసే చెట్టు. సూదుల్లా కనిపించేవి సన్నని రెమ్మలు.

ఎవరికి పనికొస్తుంది?

అరటి, బొప్పాయి, నిమ్మ తోటలకు గట్టు వెంట గాలి అడ్డుగా సరుగుడు బాగా ఉపయోగపడుతుంది. సగిలేరు పక్కన ఉన్నట్టి ఇసుక కలిసిన, నీరు ఇంకే నేలలు అనుకూలం. నీరు నిలిచే బరువైన నల్లరేగడిలో వేయవద్దు. మొదటి రెండు వేసవులు తడి ఇవ్వగలిగితేనే నాటండి. బోరు నీళ్లు పంటకే చాలకపోతే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది.

విత్తన సేకరణ

కాయలు ఎక్కువగా ఆడ చెట్లకే ఉంటాయి. ఐదేళ్లు దాటిన, నిటారుగా పెరిగిన, తెగులు లేని చెట్లను నాలుగైదు ఎంచుకోండి. డిసెంబరులో కాయలు ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు తిరిగేటప్పుడు, పగలక ముందే కోయాలి. గుడ్డ మీద పరిచి, పైన పలుచని గుడ్డ కప్పి రెండు మూడు రోజులు ఎండబెడితే కాయలు విచ్చుకుని రెక్క విత్తనాలు రాలుతాయి. ఈ విత్తనం త్వరగా మొలక శక్తి కోల్పోతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే నారు పోసుకోవాలి.

ఎకరం చేను చుట్టూ మీటరుకు ఒకటి చొప్పున సుమారు 250 మొక్కలు పడతాయి. విత్తనం చాలా సన్నం. 10 గ్రాముల్లో దాదాపు ఆరేడు వేల గింజలుంటాయి. మూడో వంతు మొలిచినా మీ అవసరానికి మించి మొక్కలు వస్తాయి.

నారుమడి

ఇసుక, జల్లించిన మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి ఎత్తు మడి చేయండి. విత్తనాన్ని పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన ఇసుకను పలుచగా కప్పాలి. లోతుగా పడితే మొలవదు. పైన వరిగడ్డి పరిచి, సన్న రంధ్రాల రోజ్ క్యాన్‌తో తడపండి.

ఇక్కడ అసలు శత్రువు చీమలు. ఒక్క రాత్రిలో విత్తనం మోసుకుపోతాయి. కొద్ది నారే కాబట్టి ట్రేలలో పోసి, బల్ల మీద పెట్టి, బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి.

వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. వెంటనే గడ్డి తీసేయండి. నీళ్లు ఎక్కువైతే నారు మొదలు కుళ్లి పడిపోతుంది.

సంచుల్లోకి మార్చడం

నారు నాలుగు అంగుళాలు పెరిగాక, అంటే ఐదారు వారాలకు, సాయంత్రం పూట పాలిథిన్ సంచుల్లోకి మార్చండి. పాత సరుగుడు తోపు నుంచి వేరు బుడిపెలున్న మట్టిని తెచ్చి సంచికి గుప్పెడు కలపాలి. ఆ బుడిపెల్లోని ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. వేసవి అంతా నీడ వల కింద ఉంచి, ఉదయం, సాయంత్రం తడపండి.

నాటడం

అడుగు, అడుగున్నర ఎత్తు మొక్కలను ఆగస్టు నుంచి అక్టోబరు లోపు, మంచి వాన పడ్డాక నాటండి. గట్టు పక్క సాళ్లలో పంట కొంత తగ్గవచ్చు కాబట్టి కాస్త ఎడం వదలండి. పశువులు మేయకుండా కంచె తప్పనిసరి.

ఒక్క మాట

విత్తనపు మొక్కలన్నీ ఒకేలా పెరగవు. గాలి అడ్డుకు అవి సరిపోతాయి. కలప కోసం ఎకరాల్లో వేసేవారికి మాత్రం క్లోన్ మొక్కలే మేలు. కోయంబత్తూరులోని అటవీ జన్యు పరిశోధన సంస్థ మంచి క్లోన్లను విడుదల చేసింది. తోటగా వేసే ముందు కలప కొనేవారెవరో, లారీకి దారి ఉందో లేదో చూసుకోండి. సరుగుడు నరికాక మోడు నుంచి సరిగా చిగురించదు, మళ్లీ నాటాల్సిందే. నేల, బోరు నీటి పరీక్ష విషయంలో ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం వారిని సంప్రదించండి.