రెండు చెవులు, రెండు పాటలు: బీట్‌మ్యాచింగ్ సాధనలో హెడ్‌ఫోన్స్, స్పీకర్లు

ఒక పాట మోగుతుండగానే తర్వాతి పాట వేగాన్ని దానికి సరిపెట్టి, రెండింటి దరువూ ఒకే క్షణంలో పడేలా కలపడాన్ని డీజేలు బీట్‌మ్యాచింగ్ అంటారు. అది కుదిరినప్పుడు డాన్స్ చేసేవాళ్ల అడుగు ఆగదు. పాట ఎక్కడ మారిందో కూడా పట్టుబడదు. కుదరనప్పుడు రెండు పాటల కిక్ డ్రమ్ములు ఒకదాని వెనక ఒకటి పడి దరువు తడబడుతుంది. ఈ పనిలో డీజే రెండు దారుల్లో వింటారు. హాల్లో అందరికీ వినిపిస్తున్న పాట స్పీకర్ల నుంచి వస్తుంది. ఇంకా ఎవరికీ వినిపించని, తర్వాత రావలసిన పాట హెడ్‌ఫోన్స్‌లో మోగుతుంది. హెడ్‌ఫోన్స్ ఒక్కటీ సరిపోతాయా, మానిటర్ స్పీకర్లు కూడా కావాలా అన్నది నేర్చుకునేవాళ్లకు తరచుగా వచ్చే సందేహం. నిజానికి ఈ రెండింటి పనీ ఒకటి కాదు. ఏది ఏం చెబుతుందో తెలిస్తే సాధన ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు నడిపించాలో తేలిపోతుంది.

ఈ విద్యకు 1960ల చివర్లో, 1970ల మొదట్లో న్యూయార్క్‌లో బాట పడింది. ఒక పాత చర్చి భవనంలో నడిచిన శాంక్చువరీ అనే క్లబ్‌లో ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే తర్వాతి రికార్డును హెడ్‌ఫోన్స్‌లో ముందుగా వినేవారు. సరైన చోట దాన్ని చేత్తో ఆపి పట్టుకుని, దరువు కలిసే క్షణంలో వదిలేవారు. జపాన్‌కు చెందిన మత్సుషితా సంస్థ 1972లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్‌ను తెచ్చింది. 1979లో వచ్చిన ఎంకే2 మోడల్‌లో పొడవాటి పిచ్ ఫేడర్ అమర్చింది. దాన్ని జరిపితే పాట వేగం 8 శాతం వరకు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఇప్పటి డీజే ప్లేయర్లు, కంప్యూటర్‌కు తగిలించే కంట్రోలర్లు కూడా అదే ఏర్పాటును కొనసాగిస్తున్నాయి. వీటి తెర మీద వేగం అంకెల్లో కనిపిస్తుంది, సింక్ బటన్ నొక్కితే యంత్రమే పాటలను కలుపుతుంది. అయితే పాట వేగాన్ని యంత్రం తప్పుగా లెక్కగట్టినప్పుడు, తెర లేని టర్న్‌టేబుల్ ముందు నిలబడినప్పుడు డీజేకు చెవే ఆధారం.

వేగం వేరు, స్థానం వేరు

బీట్‌మ్యాచింగ్‌లో రెండు పనులు కలిసి ఉన్నాయి. మొదటిది రెండు పాటల వేగాన్ని సమానం చేయడం. రెండోది వాటి దరువులు ఒకదాని మీద ఒకటి పడేలా జరపడం. వేగాన్ని నిమిషానికి పడే బీట్లలో, అంటే బీపీఎంలో లెక్కిస్తారు. హౌస్ సంగీతం ఎక్కువగా 120 నుంచి 130 బీపీఎం మధ్య ఉంటుంది. 128 బీపీఎం పాటలో ఒక బీటుకూ తర్వాతి బీటుకూ మధ్య దాదాపు 469 మిల్లీసెకన్లు ఉంటాయి. 124 బీపీఎం పాటను దీనితో కలపాలంటే దాని వేగాన్ని 3.2 శాతం పెంచాలి.

వేగంలో చిన్న పొరపాటు కూడా కాలం గడిచేకొద్దీ పెరుగుతుంది. 128 దగ్గర ఉన్న రెండు పాటల మధ్య 1 బీపీఎం తేడా ఉంటే అర నిమిషంలో ఒకటి రెండోదానికి సగం బీటు దూరం జరుగుతుంది. తేడా 0.1 బీపీఎం మాత్రమే అయినా నిమిషంలో 47 మిల్లీసెకన్లు జరుగుతుంది. 20, 30 మిల్లీసెకన్ల ఎడం వచ్చేసరికి అలవాటైన చెవికి రెండు దెబ్బలు విడిగా తెలుస్తాయి. అంటే అంత చిన్న తేడా కూడా అర నిమిషం దాటితే బయటపడుతుంది. పాటలను కలిపి ఉంచే సమయం చాలాసార్లు అంతకంటే ఎక్కువే. అందుకే నేర్చుకునేవాళ్లు సాధించాల్సింది దరువును ఒక్కసారి కలపడం మాత్రమే కాదు. ఏ పాట ముందుకు పోతోందో, ఏది వెనకబడుతోందో పసిగట్టి, తేడా వినేవాళ్లకు తెలిసేలోపే సరిదిద్దాలి. హెడ్‌ఫోన్స్, స్పీకర్ల చర్చ అంతా ఈ అవసరం చుట్టూనే తిరుగుతుంది.

హెడ్‌ఫోన్స్ బలం, పరిమితి

డీజేలు ఎక్కువగా వాడేవి చెవిని మూసే, వెనక వైపు తెరిచి ఉండని రకం హెడ్‌ఫోన్స్. బయటి చప్పుడును ఇవి చాలావరకు ఆపుతాయి. 1988లో మార్కెట్‌లోకి వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 25 మోడల్ నేటికీ డీజేల చేతుల్లో కనిపిస్తుంది. దాని ఒక కప్పును చెవి మీంచి పక్కకు తిప్పేయవచ్చు. ఒక చెవితో హెడ్‌ఫోన్‌నూ మరో చెవితో బయటి శబ్దాన్నీ వినే పద్ధతికి ఈ వీలు చాలా ముఖ్యం.

హెడ్‌ఫోన్స్‌లో గది ప్రభావం ఉండదు. గోడల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వని, మూలల్లో పేరుకునే బేస్ మోత ఏవీ అడ్డురావు. రెండు పాటలనూ కలిపే మిక్సర్ మీద ఉండే క్యూ మిక్స్ మీటను మధ్యకు తిప్పితే మోగుతున్న పాట, రాబోయే పాట రెండూ హెడ్‌ఫోన్స్‌లోనే వినిపిస్తాయి. రెండూ ఒకే దూరం నుంచి, ఒకే క్షణంలో చెవిని చేరతాయి కాబట్టి దరువుల మధ్య ఎడం ఎంతో కచ్చితంగా తెలుస్తుంది. రాత్రి వేళ ఇంట్లో సాధన చేయాలన్నా ఇదే దారి. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే.

అయితే రెండు పాటలూ ఒకే చోట కలిసి వినిపించినప్పుడు తప్పు ఉందని తెలుస్తుంది కానీ తప్పు ఎటువైపు ఉందో అంత తేలిగ్గా తెలియదు. రెండు కిక్ డ్రమ్ముల చప్పుడు ఒకే రకంగా ఉంటే ముందు పడింది ఏ పాటదో చెప్పడం కొత్త చెవికి కష్టం. కొన్ని మిక్సర్లలో ఉండే స్ప్లిట్ క్యూ దీనికి కొంత ఉపాయం. అది ఒక చెవికి రాబోయే పాటనూ, మరో చెవికి మోగుతున్న పాటనూ పంపుతుంది. దిక్కులు వేరైతే మెదడు రెండు శబ్దాలనూ విడదీసి పట్టుకోగలదు.

హెడ్‌ఫోన్స్ చెప్పలేనిది మరొకటి ఉంది. కొత్త పాటను ఎంత వాల్యూమ్‌లో లోపలికి తేవాలి, పాత పాట బేస్‌ను ఎప్పుడు తగ్గించాలి, కలిసిన రెండు పాటలు హాల్లో ఎలా వినిపిస్తున్నాయి అన్నవి చెవికి ఆనుకున్న చిన్న స్పీకర్ల నుంచి సరిగ్గా అంచనాకు రావు. పూర్తిగా హెడ్‌ఫోన్స్‌తోనే నేర్చుకున్నవాళ్లు మొదటిసారి క్లబ్‌లో నిలబడినప్పుడు ఇక్కడే తడబడతారు.

స్పీకర్లు నేర్పేది

మానిటర్ స్పీకర్లు వినేవాళ్ల వైపు నుంచి మిక్స్‌ను చూపిస్తాయి. ఒక చెవి స్పీకర్ వైపు ఉంచి, మరో చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు రెండు పాటలు రెండు దిక్కుల నుంచి వస్తాయి. ఏది ముందు పడుతోందో, ఏది వెనక పడుతోందో అప్పుడు స్పష్టమవుతుంది. క్లబ్‌లో డీజే పనిచేసేది ఎక్కువగా ఇలాగే కాబట్టి ఈ అలవాటు ఇంట్లోనే పడాలి.

అయితే గది ఎప్పుడూ నిజమే చెప్పదు. 50 హెర్ట్జ్ బేస్ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. మామూలు పడకగదిలో అలాంటి తరంగాలు గోడల మధ్య తిరిగి కొన్ని చోట్ల మోత పెంచుతాయి, కొన్ని చోట్ల దాదాపు మాయమవుతాయి. కిక్ డ్రమ్ అంచు మొద్దుబారి, అది ఏ క్షణంలో పడిందో తెలియదు. అలాంటి గదిలో కిక్‌ను వదిలి హై-హ్యాట్, క్లాప్ లాంటి పదునైన శబ్దాలను పట్టుకోవడం మేలు. హెడ్‌ఫోన్స్‌లోని పాటకు మిక్సర్ మీద బేస్ కాస్త తగ్గించినా తేడా తేలిగ్గా తెలుస్తుంది. స్పీకర్లను మూలల్లో పెట్టకుండా, గోడకు కొంత ఎడంగా, చెవి ఎత్తులో, మీటరు దూరంలో ఉంచితే గది ప్రభావం చాలా తగ్గుతుంది.

దూరం తెచ్చే ఆలస్యం

గాలిలో శబ్ద వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు 343 మీటర్లు. అంటే ప్రతి మీటరుకూ దాదాపు 3 మిల్లీసెకన్ల ఆలస్యం. మీటరు దూరంలోని మానిటర్‌తో ఇబ్బంది లేదు. పది మీటర్ల దూరంలోని పెద్ద స్పీకర్ల నుంచి శబ్దం 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లోని పాటకు ఆ ఆలస్యం లేదు. డీజే ఆలస్యంగా వస్తున్న దరువుకు హెడ్‌ఫోన్స్‌లోని దరువును సరిపెడితే, తన చెవికి రెండూ కలిసినట్టే ఉంటాయి. హాల్లో రెండు పాటలూ ఒకే స్పీకర్ల నుంచి వస్తాయి కాబట్టి అక్కడ మాత్రం కొత్త పాట 29 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. క్లబ్‌లలో డీజే పక్కనే బూత్ మానిటర్ పెట్టడానికి ముఖ్య కారణం ఇదే.

పెళ్లి బరాత్‌లలో, ఊరేగింపుల్లో వాహనం మీద స్పీకర్ల వెనక నిలబడే డీజేకు మరో చిక్కు ఉంటుంది. బేస్ అన్ని వైపులకూ వ్యాపిస్తుంది కానీ పైస్థాయి శబ్దాలు స్పీకర్ ముందు వైపుకే ఎక్కువగా వెళ్తాయి. వెనక నిలబడిన మనిషికి మోత తప్ప దరువు అంచు వినిపించదు. అలాంటి చోట రెండు పాటలనూ హెడ్‌ఫోన్స్‌లోనే కలిపి వినడం మంచిది.

ఇంట్లో సాధన చేసేవాళ్లను ఎక్కువగా మోసం చేసేది బ్లూటూత్. బ్లూటూత్ స్పీకర్‌లో, హెడ్‌ఫోన్స్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఆలస్యం కావచ్చు. కొన్ని సౌండ్‌బార్లు కూడా శబ్దాన్ని మెరుగుపరిచే క్రమంలో ఆలస్యం చేస్తాయి. హెడ్‌ఫోన్స్ ఒకలా, స్పీకర్ మరోలా చెబుతుంటే ఎంత సాధన చేసినా బీట్లు కలవవు. దీన్ని పట్టే పరీక్ష చాలా సులువు. ఒకే పాటను స్పీకర్‌లోనూ, మిక్సర్ మీది క్యూ బటన్ నొక్కి హెడ్‌ఫోన్స్‌లోనూ ఒకేసారి వినాలి. రెండూ ఒకటిగా వినిపిస్తే ఏర్పాటు బాగున్నట్టే. ఒకదాని వెనక మరొకటి వినిపిస్తే తప్పు నేర్చుకునేవాళ్లది కాదు, పరికరాలది. వైరుతో పనిచేసేవి తెచ్చుకోవాలి.

సాధన క్రమం

మొదటి దశ హెడ్‌ఫోన్స్‌తోనే. ఒకే పాటను రెండు డెక్‌ల మీద, అంటే రెండు ప్లేయర్ల మీద పెట్టి, వేగం మార్చకుండా, దరువును కలపడం మాత్రమే నేర్చుకోవాలి. డ్రమ్ మెషీన్‌తో చేసిన, వేగం స్థిరంగా ఉండే హౌస్, టెక్నో పాటలు ఇందుకు అనువు. మనుషులు వాయించిన డప్పు, డ్రమ్స్ ఉన్న పాత సినిమా పాటల్లో వేగం మధ్యలో స్వల్పంగా మారుతూ ఉంటుంది. వాటిని తర్వాతి కాలానికి ఉంచుకోవాలి.

రెండో దశలో ఒక డెక్ పిచ్ ఫేడర్‌ను ఎటో ఒకవైపు జరిపి, తెరను కప్పేసి, సింక్ ఆపేసి, చెవితో వేగాన్ని తిరిగి సరిపెట్టాలి. కొత్త పాటను ఆపి పట్టుకోవలసి వస్తుంటే అది వేగంగా ఉన్నట్టు. ముందుకు తోయాల్సి వస్తుంటే నెమ్మదిగా ఉన్నట్టు.

మూడో దశలో స్పీకర్లు రావాలి. ఒక చెవికి హెడ్‌ఫోన్, మరో చెవి స్పీకర్ వైపు. రెండు చెవుల్లోనూ శబ్దం సమానంగా ఉండాలి. ఒకటి గట్టిగా ఉంటే రెండోదాని దరువు దానిలో కలిసిపోతుంది.

నాలుగో దశలో పాట లోపలికి వచ్చాక హెడ్‌ఫోన్స్ పూర్తిగా తీసేసి, స్పీకర్లలో రెండు పాటలనూ కలిపి నిలబెట్టాలి. ఏది ముందు, ఏది వెనక అన్నది హెడ్‌ఫోన్ సాయం లేకుండా చెప్పగలగడం ఇక్కడే వస్తుంది. ప్రతి సాధననూ రికార్డ్ చేసి మరుసటి రోజు వింటే, కలుపుతున్నప్పుడు చెవికి అందని తప్పులు బయటపడతాయి.

చెవిని కాపాడుకోవడం

ఒక చెవి పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. స్పీకర్ మోత ఎక్కువైతే హెడ్‌ఫోన్ పెంచుతారు, అప్పుడు స్పీకర్ తక్కువగా అనిపించి దాన్నీ పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు సురక్షితం. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 89 డెసిబెల్స్ దగ్గర అది వారానికి 5 గంటలే. లోపలి చెవిలో దెబ్బతిన్న వినికిడి కణాలు మళ్లీ పుట్టవు. అందువల్ల రాబోయే పాటను హెడ్‌ఫోన్‌లో వినేటప్పుడు బూత్ మానిటర్‌ను తగ్గించడం, ఇంట్లో పక్క మనిషి మాట వినిపించేంత శబ్దంతో సాధన చేయడం, క్లబ్‌లో సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

డబ్బు ఒకదానికే సరిపోతే ముందు కొనాల్సింది వైరుతో పనిచేసే, చెవిని మూసే హెడ్‌ఫోన్స్. అవి లేకుండా తర్వాతి పాటను సిద్ధం చేయడం దాదాపు అసాధ్యం. కానీ అక్కడితో ఆగకూడదు. ఖరీదైన మానిటర్లు లేకపోయినా ఇంట్లో ఉన్న మామూలు వైరు స్పీకర్లతోనైనా రెండో దారిని మొదలుపెట్టాలి. తెర కప్పేసి, హెడ్‌ఫోన్స్ తీసేసి, స్పీకర్లలో రెండు పాటలను రెండు నిమిషాలు తడబడకుండా నడిపించగలిగితే ఆ డీజే చెవి జనం ముందు నిలబడటానికి సిద్ధమైనట్టే.