కిటికీలో ఇంద్రధనుస్సు, వాకిట్లో ముగ్గు

2020 మార్చి నెలాఖరులో ఇంగ్లండులో ఏ వీధిలో నడిచినా కిటికీ అద్దాల మీద ఇంద్రధనుస్సులు కనిపించేవి. అప్పుడు ఇక్కడున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇటలీలో పిల్లలు మొదలుపెట్టిన పని అది, చూస్తుండగానే మా దాకా వచ్చేసింది. మార్చి 20న బడులు మూశారు. 23 రాత్రి ప్రధాని టీవీలో కనబడి అందరినీ ఇళ్ళలోనే ఉండమన్నారు. వ్యాయామానికి మాత్రం రోజుకి ఒక్కసారి బయటికి వెళ్ళొచ్చు. ఆ ఒక్క నడకలో మా పాపకీ నాకూ ఇదే ఆట. ఎడమ పక్క ఇళ్ళ ఇంద్రధనుస్సులు తనవి, కుడి పక్కవి నావి. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళు గెలిచినట్టు. రంగుల వరస తప్పిన బొమ్మలు చూసినప్పుడు బీఎస్సీ చదివిన ప్రాణం కాస్త గిలగిల్లాడేది గానీ, అవి గీసింది ఐదేళ్ళ పిల్లలని సర్దిచెప్పుకునేదాన్ని.

కొన్నాళ్ళకి పార్కు దారిలో రంగులేసిన గులకరాళ్ళు వెలిశాయి. ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే పాములా సాగేది వరస. ఎవరైనా ఒక రాయి చేర్చొచ్చు, తీసుకెళ్ళకూడదు, అంతే నియమం. దేశమంతటా ఎన్నో ఊళ్ళలో అలాంటి రాళ్ళ పాములు పాకాయి.

మా వీధిలో మాత్రం ముగ్గులు పాకాయి. ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

ఆ ఏడాది ఉగాది మార్చి 25న వచ్చింది. ఇక్కడ లాక్‌డౌన్ మొదలై రెండు రోజులు, ఇండియాలో ఆ రోజే మొదలు. కొట్లలో అరలన్నీ ఖాళీ. పచ్చడిలోకి మామిడికాయ బదులు గ్రీన్ ఆపిల్, వేపపువ్వు బదులు చిటికెడు మెంతిపిండి వేశాను. ముగ్గుకి బియ్యప్పిండి వాడే ధైర్యం లేదు, ఉన్నది రెండు దోసెల పిండి. పాప చాక్‌పీసులే తీసుకుని కారు నిలిపే చోట ముగ్గేశాను. ఈ లావుపాటి చాక్‌పీసులు చాలావరకు జిప్సంతో చేస్తారు. మన ముగ్గుపిండిలా వేళ్ళ సందుల్లోంచి జారవు, నేలకేసి గీకాలి. ముగ్గు పూర్తయ్యేసరికి వేళ్ళు మండిపోయాయి.

ఎదురింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. కూతురు వారానికోసారి వచ్చి సరుకులు గుమ్మంలో పెట్టి, దూరంగా నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేది. నేను ముగ్గేస్తున్నంతసేపూ ఆవిడ మేడ మీది కిటికీలోంచి చూస్తూనే ఉంది. సాయంత్రం వీధి వాట్సాప్ గ్రూపులో ఆవిడ దగ్గర్నించి మెసేజ్ వచ్చింది. "రేపు ఇదే ఉంటుందా, వేరేది వేస్తావా?"

వేరేదే వేయాల్సి వచ్చింది. ఇక్కడి వాన సంగతి మీకు తెలియనిదేముంది, రాత్రికి రాత్రే కడిగేసింది. మర్నాడు తామరపూల ముగ్గు, ఆ మర్నాడు మెలికల ముగ్గు. చిన్నప్పుడు ధనుర్మాసంలో అమ్మ తెల్లవారుజామున లేపితే విసుక్కుంటూ నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే వేళ్ళలోకి తిరిగొచ్చాయి. రానివి అమ్మ కాగితం మీద వేసి ఫొటో తీసి పంపేది. అక్కడ ఆవిడా గేటు దాటకుండా ఉంది మరి, తనకీ అదొక పని అయింది.

రెండు వారాలకి పక్కింటివాళ్ళు ఎలా వేయాలో చెప్పమన్నారు. అందరికీ తేలిగ్గా వచ్చేదని ఐదు చుక్కలు, మూడు వచ్చేవరకు సందు చుక్క, ఆ ముగ్గు నేర్పాను. నేర్పడమంటే ఎవరి వాకిట్లో వాళ్ళుండి, నేను రోడ్డు మధ్య నిలబడి అరవడం. చుక్కల మధ్యలోంచి గీత తిప్పి మళ్ళీ మొదలైన చోటికే తీసుకురావడం పెద్దవాళ్ళకన్నా పిల్లలకే తొందరగా పట్టుబడింది. మే నెలకి మా వీధిలో పద్నాలుగు ఇళ్ళ ముందు ముగ్గులుండేవి. ఒక పిల్లాడు తన ఫుట్‌బాల్ జట్టు గుర్తు చుట్టూ చుక్కలు పెట్టి అదీ ముగ్గేనన్నాడు. ఒప్పుకున్నాను.

ఆ రోజుల్లో మనసుకి అది ఎందుకంత హాయినిచ్చిందని చాలాసార్లు ఆలోచించాను. చుక్కలు లెక్కపెడుతున్నప్పుడు బుర్రలో వార్తలకి చోటుండదు, అదొకటి. కానీ అంతకన్నా, ఎదుటి కిటికీలో ఒకరు ఎదురుచూస్తున్నారు. లేవడానికి నాకది సరిపోయేది.

పెద్ద ఎత్తున జరిగినవీ ఉన్నాయి. గ్రేసన్ పెర్రీ అనే చిత్రకారుడు తన స్టూడియో నుంచే చానల్ 4లో ఆర్ట్ క్లబ్ నడిపాడు. జనం ఇళ్ళలో వేసిన బొమ్మలు పంపేవారు. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ 'హోల్డ్ స్టిల్' పేరుతో లాక్‌డౌన్ ఫొటోలు అడిగితే 31 వేలకు పైగా వచ్చాయి. అందులోంచి 100 ఎంపిక చేసి ఊరూరా హోర్డింగుల మీద పెట్టారు. బాగున్నాయి. ఎదురింటావిడకి మాత్రం ముగ్గే నచ్చింది, ఆవిడ మాట కాదనలేను.

అయితే అన్నీ ఇంద్రధనుస్సులే అనుకోకండి. మా వీధి చివర ఒక మలయాళీ నర్సు ఉంటుంది. మార్చి 26 నుంచి పది వారాలపాటు గురువారం రాత్రి ఎనిమిదింటికి అందరం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళం కదా, ఒకరోజు తను నాతో అంది, "చప్పట్లు సరే అక్కా, యూనిఫాం ఇంటికి తెచ్చి నేరుగా ఉతకడానికి వేయాలి, సంచులు కావాలి." అప్పటికే దేశమంతా ఆడవాళ్ళు పాత దిండు గలీబులతో అలాంటి సంచులు కుడుతున్నారు. సంచీతో సహా మెషీన్లో వేసేయొచ్చు. మేమూ ముప్పై దాకా కుట్టాం. కిటికీలో బొమ్మ పెట్టడంతోనే మన వంతు అయిపోయిందనుకునేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ కాస్త చిరాకే.

2021 మే నెలలో తెనాలిలో మా బాబాయి పోయారు. ఏప్రిల్ 23 నుంచి ఇండియా ఇక్కడి రెడ్ లిస్టులో ఉంది. వెళ్తే తిరిగొచ్చాక పది రోజులు హోటల్ క్వారంటైన్, మనిషికి 1,750 పౌండ్లు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, వెళ్ళి చూడటానికి అక్కడ ఏముంది? ఇంట్లోవాళ్ళకే కడసారి చూపు దక్కలేదు. మా పిన్నితో ఫోన్లో ఏం మాట్లాడానో కూడా గుర్తులేదు.

పెళ్ళయిన ఆడపిల్లని, నాకు మూడు రోజులే మైల. అయినా పదకొండు రోజులూ ముగ్గు వేయబుద్ధి కాలేదు. అప్పటికి రోజూ కాకపోయినా శని, ఆదివారాలు వేస్తూనే ఉండేదాన్ని. వాకిలి ఖాళీగా కనబడేసరికి ఎదురింటావిడ కర్ర ఊతంతో రోడ్డు దాటి వచ్చింది. పోయినవాళ్ళ ఇంటి ముందు మాలో ముగ్గు వేయరని చెప్పాను. ఏమీ అనలేదు, కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. మర్నాడు చూస్తే ఆవిడ కిటికీలో కాగితం మీద ఐదు చుక్కల ముగ్గు, నా ఇంటి వైపు తిప్పి అంటించి ఉంది. ఒక గీత కలవలేదు.

ఆ శరదృతువులో లండన్ వెళ్ళి కోవిడ్ గోడ చూశాను. పార్లమెంటుకి ఎదురుగా, థేమ్స్ ఇవతలి గట్టున, సెయింట్ థామస్ ఆసుపత్రి పక్కన అర కిలోమీటరు పొడవున ఎర్రటి గుండె బొమ్మలు. ఈ దేశంలో కోవిడ్‌తో పోయిన ఒక్కో మనిషికి ఒక్కో గుండె. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళే 2021 మార్చి 29న గీయడం మొదలుపెట్టారు. తొలి దఫాలోనే లక్షన్నర దాకా గీశారు, ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. మొదట పెన్నులతో గీయడం వల్ల ఎండకీ వానకీ ఎరుపు గులాబీ రంగుకి దిగింది, లోపల రాసిన పేర్లు చెరిగిపోయాయి. తర్వాత గోడలకి వేసే రంగుకి మారారు. వాలంటీర్లు ప్రతి శుక్రవారం వచ్చి వెలిసిన గుండెల మీద మళ్ళీ రంగు వేస్తారు. చాలామంది అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళే.

లండన్ ఐ ఎక్కడానికి పిల్లల్ని తీసుకెళ్తాం కదా, దిగాక నది వెంబడే వెస్ట్‌మినిస్టర్ వంతెన దాటి ముందుకి వెళ్తే ఐదారు నిమిషాల్లో గోడ వస్తుంది. టిక్కెట్టు లేదు. నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన మడత కుర్చీలో కూర్చుని, నడుం ఎత్తులో ఉన్న వరసకి చిన్న కుంచెతో రంగు వేస్తున్నాడు. మా పాప పక్కన నిలబడి, కింది వరస అందుతుందా అని అడిగింది. లేదన్నాడు. తను నేల మీద చతికిలబడింది, ఆయన కుంచె అందించాడు.