మేళాలో స్టాల్ పెడుతున్నారా? ముందు నాలుగు వారాల పని ఇదీ

దసరా, దీపావళి దగ్గర పడుతున్నాయంటే చాలు, గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మేళాలో స్టాల్ తీసుకుందామనుకుంటున్నా, ఏం చేయాలి?" పచ్చళ్లు, పొడులు, జంతికలు, అరిసెలు... మన చేతి రుచికి ఇక్కడ బ్రిటన్‌లో గిరాకీ బాగానే ఉంది. కానీ స్టాల్ లాభం ఆ ఒక్క రోజులో తేలదండీ. ముందు నాలుగు వారాలు మీరు ఏం చేశారు, తర్వాత వారం ఏం చేశారు అన్నదాని మీద ఉంటుంది.

మొదట కాగితాలు

వీసా చూసుకోండి. స్కిల్డ్ వర్కర్, హెల్త్ అండ్ కేర్ వీసాల మీద పనిచేస్తున్నవాళ్లు సొంత వ్యాపారం చేయకూడదు. స్టూడెంట్ వీసా వాళ్లూ అంతే. వాళ్ల డిపెండెంట్లు మాత్రం మామూలుగా చేసుకోవచ్చు. "ఒక్క ఆదివారమే కదా" అనుకోకండి, అసలు ఉద్యోగానికే ముప్పు.

తర్వాత మీ కౌన్సిల్‌లో ఫుడ్ బిజినెస్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. ఫీజు లేదు, కానీ అమ్మకం మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందే చేయాలి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడగండి. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ కావాలా అని మేళా వాళ్లను ముందే కనుక్కోండి. చాలామంది అడుగుతారు. ఏప్రిల్ 6 నుంచి వచ్చే ఏప్రిల్ 5 లోపు మీ అమ్మకాలు 1,000 పౌండ్లు దాటితే పన్ను లెక్క మొదలవుతుంది. లాభం కాదు, మొత్తం అమ్మకం చూస్తారు. కాబట్టి మొదటి రోజు నుంచే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

లేబుల్ దగ్గర బద్ధకం వద్దు

నర్సుగా చెబుతున్నాను, ఎలర్జీ చిన్న విషయం కాదు. 2016లో నటాషా అనే 15 ఏళ్ల అమ్మాయి, లేబుల్ మీద రాయని నువ్వులున్న బ్రెడ్డు తిని చనిపోయింది. ఆ పాప పేరు మీదే వచ్చిన నటాషా చట్టం 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. మీరు ఇంట్లో ప్యాక్ చేసి మీ స్టాల్‌లో అమ్మే సీసాకీ అది వర్తిస్తుంది. వేసిన ప్రతి దినుసూ రాయాలి, 14 రకాల ఎలర్జీ పదార్థాల్లో ఏది ఉన్నా దాన్ని లావు అక్షరాల్లో రాయాలి.

మన వంటల్లో అవి ఎన్నో చూడండి. ఆవకాయలో ఆవపిండి, నువ్వుల నూనె. పల్లీ పొడిలో వేరుశెనగ. మైసూర్ పాక్‌లో నెయ్యి, అంటే పాలు. చాలామందికి తట్టనిది ఇంగువ. చాలా డబ్బాల్లో గోధుమ పిండి కలిపి ఉంటుంది, వెనక చదవండి.

ఊళ్లో ఉన్న అమ్మలకీ అత్తలకీ ఒక మాట. నెయ్యి, పాలు, మాంసంతో చేసినవి సామానులో ఇక్కడికి తేనివ్వరు. మీరు కొలతలు ఫోన్‌లో చెప్పండి చాలు, అదే పెద్ద సాయం.

ధర, ప్రచారం

స్టాల్ అద్దె 80 పౌండ్లు, సీసా మీద మీకు మిగిలేది 2 పౌండ్లు అనుకోండి. 40 సీసాలు అమ్మితే అద్దె మాత్రమే వచ్చినట్టు. మీ కష్టం ఆ తర్వాతి సీసా నుంచి. అందుకే పది రకాలు చేసి అలసిపోకుండా, మీకు పేరున్న మూడు నాలుగు రకాలే ఎక్కువ చేయండి.

రెండు వారాల ముందు ఒక మెసేజ్, ముందు రోజు ఇంకోటి చాలు. కిటికీ వెలుగులో తీసిన ఒక మంచి ఫోటో, ఎక్కడ, ఎన్నింటికి, ధర ఎంత. రోజూ పెడితే గ్రూపు మ్యూట్ చేసేస్తారు.

ఆ రోజు

సీసాలన్నీ బల్ల మీద పరిచేయకుండా, వెనక వరసని పెట్టెల మీద ఎత్తుగా పెట్టండి. ధరలు పెద్దగా రాయండి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కార్డ్ రీడర్‌తో పాటు చిల్లర కూడా ఉంచుకోండి. కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తే ఎవరూ ఆగరు.

రుచి చూపిస్తే అమ్ముడవుతుంది. కరెంటు ఇస్తారేమో కనుక్కుని రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. అన్నం 63 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉండాలి, ప్రతి మనిషికీ కొత్త చెంచా. మనవాళ్లు కానివాళ్లకు "కారప్పొడి" అంటే తెలీదు. టోస్ట్ మీద, కోడిగుడ్డు మీద చల్లుకోవచ్చని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

తర్వాత వారం

కొన్నవాళ్లను అడిగి, ఇష్టమైతేనే నంబరు రాసుకోండి. పక్కన ఏం కొన్నారో కూడా రాయండి. మూడు రోజుల్లో ఒకే ఒక్క మెసేజ్: "గోంగూర ఎలా ఉందండీ?" అడగకుండా గ్రూపులో కలిపేయొద్దు. స్టాల్ దగ్గర పొగిడినవాళ్లు వందమంది ఉండొచ్చు, రెండో సీసా అడిగినవాళ్లే మీ ఖాతాదారులు. వాళ్లు ఎంతమందో లెక్కేసుకుని, అప్పుడు తర్వాతి మేళాకి డబ్బు కట్టండి.